కోళ్ల షెడ్డుకు గడప

మా ఇల్లు కూలగొట్టడానికి వచ్చిన జేసీబీ డ్రైవరు యంత్రం ఆపేసి నీడన కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. మా తమ్ముడు శ్రీను వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బిల్డరు తరఫున వచ్చిన కుర్ర ఇంజనీరు ఫోనులో ఎవరికో "అయిపోతుంది సార్, అయిపోతుంది" అని సర్దిచెబుతున్నాడు. ఇంతమందినీ ఆపి పెట్టింది మా అమ్మ బాలమణి. తలుపుకు అడ్డంగా, గుమ్మానికి ఒక చెయ్యి ఆనించి నిలబడింది. కూర్చోమంటే కూర్చోదు. గడప మీద కూర్చోకూడదు కదా, అలాగని పక్కకు జరిగితే యంత్రాన్ని గోడకు తగిలిస్తారని అనుమానం. "వడ్ల నర్సింలు రావాలె. కడప పలగకుంట తియ్యాలె. గా తర్వాత గోడ ముట్టున్రి. గందాక ఎవ్వలు చెప్పినా ఇనేది లేదు" అని తేల్చేసింది. మా వైపు గడపను కడప అంటాం, వడ్రంగిని వడ్లాయన అంటాం. శ్రీను ఫోను చేసి "అక్కా, నువ్వన్న వచ్చి చెప్పరాదు, నా మాట ఇంటలేదు" అంటే నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి శామీర్‌పేట బస్సెక్కి వచ్చాను. వచ్చి చూశాక చెప్పడానికి నాకేమీ కనిపించలేదు. వెళ్లి అమ్మ పక్కన నేనూ నిలబడ్డాను. శ్రీను తల పట్టుకున్నాడు.

ఇల్లు అంటున్నాను గానీ దారిన పోయేవాళ్లెవరూ దాన్ని ఇల్లు అనరు. పొడుగ్గా, సన్నగా, పొట్టిగా తూర్పు నుంచి పడమరకు పరుచుకున్న రేకుల షెడ్డు. పక్క గోడలు మోకాలెత్తు, వాటి మీద ఒకప్పుడు ఇనుప జాలి. తర్వాత్తర్వాత జాలి తీసి ఇటుక పేర్చుకుంటూ వచ్చాం కాబట్టి గోడ కింద ఒక రంగు, పైన ఒక రంగు. నేను పెరిగింది అందులో, పరీక్షలకు చదివింది అందులో. పట్నంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా "ఊళ్లో మీ ఇల్లు ఎలా ఉంటుందండీ?" అని అడిగితే "కోళ్ల షెడ్డులా ఉంటుంది" అనేదాన్ని. ఎంత వినయమో అని మెచ్చుకునేవాళ్లు. వినయం కాదు మహాప్రభో, ఉన్న మాట. అది కోళ్ల షెడ్డే. అలా ఎందుకయిందో చెబితే, ఒక పటం మీద వేసిన రంగు మనుషుల ఇళ్లను ఎన్ని వంకర్లు తిప్పుతుందో మీకే తెలుస్తుంది.

అంతకుముందు మేం ఊరి నడుమ ఉండేవాళ్లం. గ్రామకంఠం అంటారు దాన్ని. ఊరి ఇళ్లు ఎక్కడ ఉండాలని సర్కారు అనుకుందో ఆ ముక్క. ఊరు పెరిగినా ఆ ముక్క పెరగదు. అందుకని ఇళ్లు పక్కకు పోలేక ఒకదాని మీద ఒకటి ఎక్కడం, ఒకదాంట్లోంచి మూడు పుట్టడం మొదలైంది. మా బాపు మల్లేశం, ఆయన ఇద్దరు తమ్ముళ్లు తాతల నాటి ఇంటిని పంచుకున్నారు. మా వంతుకు ఒక అర్రా, సగం అరుగూ వచ్చాయి. మేం పొయ్యి ముట్టిస్తే పొగ చిన్నబాపు ఇంట్లోకి, చిన్నమ్మ మిరపకాయలు వేయిస్తే దగ్గు మాకు. పొద్దుగూకులూ ఎవరో ఒకరు ఎవరి మీదో అరుస్తూ ఉండేవాళ్లు, వాళ్లలో సగం మందికి అసలు కోపం ఉండేది కాదు, ఊపిరాడక అరిచేవాళ్లు. ఊరికి అవతల, చెరువు వెనక, మాకు చెల్క పొలం ఉంది, అందులో బావి ఉంది. బావి దగ్గర రెండు అర్రలు వేసుకుని హాయిగా ఉందామని బాపు ఆశ. పర్మిషన్ అడుగుదామని పంచాయతీ ఆఫీసుకు పోయాడు.

అక్కడ జరిగింది బాపు జీవితమంతా అన్నం తింటూ చెప్పేవాడు, కాబట్టి నేను చూసినట్టే గుర్తు. కార్యదర్శి గోడకు తగిలించిన పటం చూపించాడట. హైదరాబాదు ఎటెటు పెరగాలో పెద్దాఫీసులో ఎవరో రంగులు పూసిన పటం. "మల్లేశం, మీ చెల్క ఆకుపచ్చల ఉన్నది. ఆకుపచ్చంటె పంటలు. ఇల్లు కట్టద్దు. గట్టవతల పటేలు చెల్క ఉన్నది చూడు, అది ఇండ్ల రంగుల పడ్డది" అన్నాడట. బాపుకు అర్థం కాలేదు. గట్టుకు ఇవతలా అవతలా ఒకటే మట్టి, ఒకటే వాన. "గీ గీత ఎవలు గీసిన్రు?" అని అడిగాడట. "పట్నంల గీసిన్రు." "వాళ్లు మన గట్టు చూసిన్రా?" "వాళ్లకు గట్టేంది గుట్టేంది మల్లేశం, స్కేలు పెట్టి గీసిన్రు." "మరి ఆకుపచ్చల ఏం కట్టుకోవచ్చు?" "పశువుల కొట్టం కట్టుకో. మోటరు రూము కట్టుకో. కోళ్ల షెడ్డు కట్టుకో, మస్తుగ నడుస్తున్నయి గిప్పుడు." ఇక్కడికి వచ్చేసరికి బాపు ముద్ద చేతిలోనే ఉంచి మా అందరి ముఖాలూ చూసేవాడు. "కోడికి ఇల్లిస్తరట గని, దాన్ని కోసుక తినేటోనికియ్యరట!" ఎన్నిసార్లు విన్నా మేం నవ్వేవాళ్లం. నవ్వకపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు.

ఆ కార్యదర్శి చెడ్డవాడు కాదు. బాపు దిగాలుపడి లేవబోతుంటే దగ్గరికి పిలిచి చెప్పాడట. "ఇగో ఇను. కోళ్ల షెడ్డని రాస్త. షెడ్డు లెక్కనే కట్టు. పక్క గోడలు మోకాలెత్తు, మీద జాలి. కిటికీలద్దు, అరుగద్దు. కోళ్లు పెంచు, ఓ కొసకు నువ్వుండు, ఎవలడుగుతరు? కని కడప మాత్రం పెట్టకు. కడప పెడితె ఇల్లయితది. ఇల్లయితె నా నౌకరి పోతది." ఆ మాట ఏ పుస్తకంలో రాసి ఉందో నాకు ఈ రోజుకీ తెలియదు. రాసి లేకపోయినా మా ఇంట్లో అది చట్టమైంది.

అలా షెడ్డు లేచింది. కోళ్ల షెడ్డును తూర్పు పడమరలుగానే కడతారు, లోపలికి ఎండ పడకూడదని. తూర్పు కొస మాది, మిగిలినదంతా కోళ్లది, మధ్యలో ఒక గోడ. తూర్పు గుమ్మం కలిసొస్తుందని బాపు మురిశాడు. వాస్తు చూసుకున్నాడు గానీ గాలి చూసుకోలేదు. వానకాలంలో గాలి పడమటి నుంచి కదా కొట్టేది, కోళ్ల మీదుగా వచ్చి మా కంచాల్లో దిగేది. తడిసిన ఊక వాసన, దాణాలో కలిపే ఎండుచేపల పొడి వాసన, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ నడుమ చల్లే సున్నం వాసన. ఆ వాసన వద్దన్నా నాకు ఇష్టం. ఇప్పటికీ ఎక్కడైనా తడి ఊక వాసన వస్తే ఆకలేస్తుంది.

కొత్త కోడిపిల్లలు వచ్చిన రోజు మాకు పండగ. అట్టపెట్టెల్లో పసుప్పచ్చగా, చేతిలోకి తీసుకుంటే గుండె కొట్టుకోవడం తప్ప బరువేమీ లేకుండా ఉండేవి. వాటికి వెచ్చగా ఉండాలని రేకు గొడుగుల కింద బల్బులు వేలాడదీసేవాళ్లు. కరెంటు పోతే అవ్వ బొగ్గుల కుంపటి పెట్టేది. అవ్వ అంటే బాపు తల్లి. దవడన తంబాకు, చేతిలో దబ్బనం, ఎప్పుడూ ఆ రెండూ ఉండేవి. దాణా సంచులు విప్పి, కలిపి కుట్టి, జాలీకి పరదాలు కట్టేది. చలికి పరదాలు దించాలి, పొద్దెక్కితే ఎత్తాలి. కోళ్ల వైపు పరదాలకూ మా వైపు పరదాలకూ తేడా ఏమీ లేదు, మా వైపువాటి మీద అమ్మ పాత చీర అంచు కుట్టించుకుంది. "కోళ్లకు లేని సోకు మీకేందే" అని అవ్వ వెక్కిరించేది, అంచు మాత్రం వంకర పోకుండా కుట్టేది. ఎండాకాలం రేకులు కాగిపోతే పైన చొప్ప పరిచి నీళ్లు చల్లేవాళ్లం. కోళ్లు చల్లబడేవి, వాటి పుణ్యాన మేమూ చల్లబడేవాళ్లం. చలికాలం రాత్రుళ్లు నేనూ శ్రీనూ నడిమి గోడకు ఆనుకుని పడుకునేవాళ్లం. అవతల బల్బుల వేడికి గోడ వెచ్చగా ఉండేది. బడిలో నన్ను "కోళ్ల సుగుణ" అనేవాళ్లు. నేనూ తక్కువ తినలేదు, "మీ ఇంట్ల బొద్దింకలుంటయి, మా ఇంట్ల వాటిని కోళ్లు తింటయి" అని నోరు మూయించేదాన్ని.

ఇన్నింటినీ నవ్వుతూ భరించిన అమ్మకు ఒక్కటే గుచ్చుకునేది. గడప లేదు. పొద్దున్నే పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గు వేసేది, ఆ ముగ్గు ఎక్కడ ఆపాలో ఆమెకు తెలిసేది కాదు. నేల నుంచి నేలకే, వాకిలి నుంచి ఇంట్లోకి ఏ అడ్డూ లేదు, ఇనుప రేకు తలుపు ఒక్కటే. శుక్రవారం వస్తే పసుపు రాయడానికి ఏమీ లేదు. ఊళ్లోని ఆడవాళ్లు పేరంటానికి పిలవడానికి వస్తే ఎక్కడ నిలబడి బొట్టు పెట్టాలో తెలియక తలుపు దగ్గర తచ్చాడేవాళ్లు. "ఇంట్లకు వచ్చినమా, ఇంక బయటనే ఉన్నమా బాలమణీ?" అని ఒకావిడ అడిగింది. పరాచికానికే అంది. అమ్మ దాన్ని పరాచికంగా తీసుకోలేదు.

కీసరలో మా అమ్మమ్మ ఇల్లు విప్పి స్లాబు ఇల్లు వేసుకుంటూ మా మామ "చెల్లే, నీకేం కావాలె? ఇత్తడి గంగాళం తీస్కపో" అన్నాడు. అమ్మ "గంగాళమద్దు. కడప ఇయ్యి" అంది. అది మద్ది చెక్క గడప, నడుమ కాళ్లు రాసీ రాసీ కాస్త లోతు పడింది, రెండు కొసలా పసుపు చెక్కలోకి ఇంకిపోయి ఉంది. దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చింది. బాపు చూసి అదిరిపడ్డాడు. "గిదేందే! మనకు కడప ఉండొద్దన్నరు గద. గిదెక్కడ పెడ్తవ్?" "నేనేమన్న నిలబెడ్తన్ననా? పండవెడ్త" అని అమ్మ దాన్ని దాణా సంచుల కింద దాచింది. అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం సంచులు పక్కకు లాగి, పడుకున్న గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మళ్లీ సంచులు కప్పేది. అవ్వ తంబాకు ఉమ్మి వచ్చి "పండుకున్న కడపకు పసుపేంది పోరీ, ఎవలన్న చూస్తె నవ్వుతరు" అనేది. "లేస్తది అత్తా. ఒకనాడు లేస్తది" అనేది అమ్మ. ఆ మాటలో బతిమాలడం ఉండేది కాదు, పొయ్యి మీద పాలు పొంగుతాయి అన్నంత మామూలుగా అనేది.

ఈ లోపల గట్టు అవతల పటేలు చెల్క అమ్ముడుపోయింది. ముందు తెల్లరంగు పూసిన రాళ్లు, తర్వాత ఎర్రమట్టి రోడ్లు, తర్వాత పేరు రాసిన కమాను, తర్వాత ఇళ్లు. ఒక్కో ఇంటికి ప్రహరీ, సంపు, తులసి కోట, మేడ మీదికి మెట్లు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసే కోస్తా కుటుంబాలు వచ్చి దిగాయి. మా వైపు ఆకుపచ్చలోనే, ఇంకాస్త లోపలికి, పట్నం పెద్దమనుషులు ఎకరాలకు ఎకరాలు కొని నడుమ బంగళాలు వేసుకుని గడ్డి పెంచుకున్నారు. వాళ్లు ఆదివారాలు వచ్చి పోయేవాళ్లు. వాళ్లది ఫాం హౌసు, మాది కోళ్ల ఫారం. రంగు ఒక్కటే. ఆ రంగులో వారానికొకసారి పడుకునేవాడికి బంగళా దొరికింది, రోజూ పడుకునేవాడికి రేకుల షెడ్డు దొరికింది. ఇది ఇవాళ నేను ఎన్ని క్లాసుల్లో చెప్పినా పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

కాలనీ నిండాక వచ్చిన మొదటి వానకాలం ఈగలు లేచాయి. అబద్ధమెందుకు, మా కోళ్లవే. గట్టు మీదుగా కాలనీ వంటిళ్లలోకి పోయాయి. వాసన కూడా పోయింది. కాలనీవాళ్లు పై ఆఫీసుకు ఫిర్యాదు పెట్టారు, ఇళ్లకు ఇంత దగ్గర్లో కోళ్ల షెడ్డు ఏమిటి, తీయించండి అని. ఆ సంగతి మాకు తెలిసింది విజయలక్ష్మి గారి వల్ల. తెనాలి వైపు మనిషి, బ్యాంకు ఆయన భార్య. ఫిర్యాదు రాసింది వాళ్లాయనే. ఆ షెడ్డు ఎలా ఉంటుందో కళ్లారా చూద్దామని ఒక పొద్దున ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గట్టు దిగి వచ్చింది. అమ్మ ముగ్గు వేస్తోంది.

"ఏవమ్మా, కోళ్ల షెడ్డు ముందు ముగ్గేంటి? మీవైపు కోళ్లక్కూడా పూజ చేస్తారా?" అంది.

"కోళ్లకెందుకు చేస్తమమ్మా, మాకే. మేమిండ్లనే ఉంటం" అంది అమ్మ.

ఆవిడ ముక్కు మీది కొంగు తీసేసింది. తలుపులోంచి లోపలికి చూసింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, నేను జడలు వేసుకుంటున్నాను, అవ్వ నిమ్మళంగా పరదా కుడుతోంది. "అయ్యో రాత! మనుషులున్నారని ఎవరికి తెలుసండీ? దూరం నుంచి షెడ్డే కదా కనపడుతుంది. మావారు రాసిచ్చేశారు. రేపు ఆఫీసరు వస్తాడట చూడ్డానికి" అని అక్కడే చతికిలబడింది. అమ్మ లోపలికి పోయి గ్లాసుతో చల్ల తెచ్చిచ్చింది. ఆవిడ తాగింది. తాగి కళ్లు తుడుచుకుని, "ఇప్పుడెలా వదినా?" అంది. వదిన అన్నది అప్పుడే. ఆ తర్వాత ఆ పిలుపు మారలేదు.

ఎలా అన్నది మాకూ తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. షెడ్డు అని చూపిస్తే, కాలనీ పక్కన షెడ్డు ఉండకూడదని తీయిస్తారు. ఇల్లు అని చూపిస్తే, ఆకుపచ్చలో ఇల్లు ఉండకూడదని తీయిస్తారు. ఎటు తిరిగినా మళ్లీ గ్రామకంఠంలో సగం అరుగుకు పోవాలి, ఆ సగం అరుగులో ఇప్పటికే చిన్నబాపు గోడ లేపాడు. బాపు పరేషాన్ అయిపోయాడు. "సామానంత మోటరు రూముల పెడ్దాం. ముంగటి దిక్కు గూడ కోళ్లనే తోలుదాం. రైతు బతుకుదెరువు షెడ్డు, మనమిక్కడ ఉంటలేమందాం. కాళ్లు మొక్కుదాం. టైమడుగుదాం" అన్నాడు. పాపం, ఆయనకు తోచింది అదే. అమ్మ అంతా విని, లేచి, దాణా సంచులు ఒక్కొక్కటే పక్కకు లాగడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తన్నవే?"

"నా పొయ్యి మీదికి కోళ్లను తోలనియ్య. నర్సింలును పిలువు. కడప నిలబెడ్త."

"పిచ్చి లేసిందా? గా కడపే కద పెట్టద్దన్నది!"

"పెట్టకుంట ఇన్నేండ్లున్నం గద, ఏమొచ్చింది? రేపు తీసేసేదుంటె, నా ఇల్లని తియ్యనీ. షెడ్డని తియ్యనియ్య" అంది. గొంతు పెంచలేదు. బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ దబ్బనం పక్కన పెట్టి "పిలువురా, వడ్లాయన్ను జల్దీ పిలువు" అంది. అంతే, ఇంట్లో తీర్మానం అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే నర్సింలు వచ్చాడు. అప్పుడతను పడుచువాడు, కొత్తగా పెళ్లయింది. తలుపు కింద నేల తవ్వాడు. గడప కింద నవధాన్యాలు వెయ్యాలి, ఇంట్లో తొమ్మిది రకాలు ఎక్కడున్నాయి? అవ్వ దాణా సంచిలోంచి గుప్పెడు తీసింది. "కోళ్ల పుణ్యాన గిన్నొద్దులు నిలబడ్డం. వాటి బువ్వనే వెయ్యిరా" అంది. దాణా, ఒక రాగి పైస, పసుపు కొమ్ము వేసి, మద్ది గడపను దించి సిమెంటు పట్టించాడు. అమ్మ స్నానం చేసి వచ్చి గడపకు పసుపు రాసింది. ఇన్నాళ్లూ వంగి సంచుల చీకట్లో రాసిన చెయ్యి, ఇప్పుడు వెలుతురులో ఈ కొస నుంచి ఆ కొసకు తాపీగా రాసింది. ముగ్గు గడప దాకా తెచ్చి అక్కడ ఆపింది. నాకు ఆ రోజు అమ్మ చాలా అందంగా కనిపించింది, ఆ మాట ఇప్పటిదాకా ఆమెకు చెప్పలేదు.

జీపు వచ్చింది. ఆఫీసరు, వెంట కడప పెట్టొద్దన్న మా పంచాయతీ కార్యదర్శి. గట్టు మీద కాలనీవాళ్లు నలుగురైదుగురు నిలబడ్డారు, విజయలక్ష్మి గారు గట్టు దిగి మా వైపుకే వచ్చేసింది. ఆఫీసరు పడమటి కొస నుంచి మొదలుపెట్టాడు. టేపు పట్టించాడు, కోళ్ల మధ్యకు బూట్లతో నడిచాడు, ఊక ఎత్తి చూశాడు, ఏదో రాసుకున్నాడు. అలా తిరిగి తిరిగి తూర్పు వైపు వచ్చాడు. వెనకాల కార్యదర్శి గడపను చూసి తెల్లబోయాడు. ఆఫీసరు లోపలికి అడుగు పెట్టబోయి, గడప ముందు ఆగాడు. రాసుకుంటూనే, మాట్లాడుతూనే, ఒక చేత్తో గుమ్మం పట్టుకుని బూట్ల తాళ్లు విప్పాడు. బూట్లు పక్కన పెట్టాడు. గడప తొక్కకుండా దాటి లోపలికి వచ్చాడు.

అమ్మ చాప వేసింది, చల్ల ఇచ్చింది. ఆయన తాగి "షెడ్డుకని పర్మిషన్ తీసుకుని ఇక్కడ ఎలా ఉంటున్నారండీ?" అని బాపును అడిగాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకున్రి" అంది అమ్మ. "కోళ్ల దిక్కు పోయినప్పుడు బూట్లు ఇడిసిన్రా?"

"లేదమ్మా."

"మరి గీడెందుకిడిసిన్రు?"

ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మేజోడులో బొటనవేలు దగ్గర చిన్న చిల్లు ఉంది. తర్వాత గట్టిగా నవ్వాడు. "గడప కనపడితే కాళ్లే ఆగిపోతాయమ్మా. చెప్పులతో వెళ్తే మా అమ్మ వీపు పగలగొట్టేది" అన్నాడు. కార్యదర్శికి ఊపిరి వచ్చింది. కాసేపటికి ఆఫీసరు మామూలు గొంతుతో చెప్పాడు: "ఇల్లని నేను రాయలేనమ్మా, ఈ రంగులో కుదరదు. రైతు తన పొలం చూసుకోవడానికి బావి దగ్గర ఉండే నివాసం అని రాయొచ్చు, దానికి సందు ఉంది. కానీ ఈ ఇళ్ల పక్కన కోళ్లు మాత్రం ఉండటానికి లేదు. వాటిని తీసేయాలి."

బాపు ముఖం పాలిపోయింది. కోళ్లే ఆయన బతుకు. అమ్మ బాపు వైపు చూసింది, బాపు గడప వైపు చూశాడు. "గీ బ్యాచ్ ఎల్లంగనే తీసేస్త సార్" అన్నాడు. ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయాల్లో అంత తొందరగా తీసుకున్నది ఇంకొకటి నేను చూడలేదు.

ఆఖరి కోళ్ల వ్యాను వెళ్లిపోయిన రాత్రి నడిమి గోడ చల్లగా ఉంది. అవ్వకు నిద్ర పట్టలేదు. తర్వాత బాపు ఆకుకూరలు వేశాడు, కొన్నాళ్లు కష్టమే అయింది, బాగానే కష్టమైంది. గట్టు మీద తట్ట పెట్టుకుని అమ్మితే కాలనీ ఆడవాళ్లు వచ్చి కొనేవాళ్లు. విజయలక్ష్మి గారు గోంగూర అనేది, అమ్మ పుంటికూర అనేది, ఇద్దరూ ఒకరినొకరు దిద్దుకునేవాళ్లు, చివరిదాకా ఎవరూ మారలేదు. షెడ్డు మొత్తం మాదయింది. పక్కన కోళ్లు ఉన్నచోట నాకు చదువుకోవడానికి జాగా వచ్చింది. జాలి పోయి గోడ వచ్చింది, కిటికీలు వచ్చాయి. బాపు, అవ్వ ఆ గడప దాటే వెళ్లిపోయారు.

ఇప్పుడు పటం మీద మళ్లీ రంగు మారింది. మా చెల్క కూడా ఇండ్ల రంగులో పడింది. ఎవరూ మమ్మల్ని అడగలేదు, అప్పుడూ అడగలేదు. శ్రీను బిల్డరుకు ఇచ్చాడు, మాకు ఫ్లాట్లు వస్తాయి. నాకేమీ బాధ లేదు. ఊపిరాడని ఊరు, వాసన వేసే షెడ్డు, మేడ మీద మేడ, మూడింటిలోనూ మనుషులే ఉంటారు. నా అభిప్రాయం ఒక్కటే, ఏ రంగు పూసేముందైనా గట్టు మీదికి ఒకసారి నడిచి వచ్చి చూడాలి. పట్నంలో నేను ఉండే ఫ్లాటుకు గడప లేదు, నున్నటి రాతి పట్టీ ఉంటుంది. కొరియరు వాళ్లు, మీటరు చూసేవాళ్లు దాని మీదుగా నేరుగా హాల్లోకి వచ్చేస్తారు. వాళ్ల తప్పు కాదు, ఆగాలని వాళ్ల కాళ్లకు చెప్పేది అక్కడ ఏమీ లేదు. అమ్మకు ఈ సంగతి నా ఇంట్లోనే తెలిసింది. అందుకే బిల్డరు కాగితాల మీద వేలిముద్ర వేసేముందే "నా ఇంటికి కడప ఉంటది" అని అందరి ముందూ ఒప్పించుకుంది. ఇంజనీరు ఇవాళ కూడా "అమ్మా, ఈ పాతది ఎందుకు, కొత్త టేకుది చేయిద్దాం" అని చూశాడు. "గిది నాకు తెల్సు, దీనికి నేను తెల్సు" అంది.

నర్సింలు వచ్చాడు. జుట్టు నెరిసింది, మోకాళ్లు పట్టేశాయి, కొడుకు బండి మీద కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. "నేనే పెట్టిన, నేనే తీస్త" అని గడ్డపార ఎవరికీ ఇవ్వకుండా తనే కూర్చున్నాడు. సిమెంటు నెమ్మదిగా రాల్చాడు. గడప ఒక కొస లేచింది, తర్వాత రెండో కొస. కింద నల్లబడిన పైస ఉంది, దాణా మట్టిలో కలిసిపోయింది. అమ్మ గడపను కొంగుతో తుడిచి, వంగి కళ్లకు అద్దుకుంది. శ్రీను, నర్సింలు కొడుకు కలిసి దాన్ని ఎత్తి ఆటోలో పాత దుప్పటి మీద పడుకోబెట్టారు.

అమ్మ చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగింది. దేవుడి గూట్లో దీపపు కుందె మరిచిపోయింది. వెనక్కి తిరిగి, గడప లేని ఆ గుమ్మం దగ్గరికి వెళ్లింది. చెప్పులు విడుస్తుందని చూశాను. విడవలేదు. చెప్పులతోనే లోపలికి నడిచి, కుందె తీసుకుని, చెప్పులతోనే బయటికి వచ్చింది. డ్రైవరు వైపు చూసి చెయ్యి ఊపింది.

"ఇగ షెడ్డే బిడ్డా. కూలగొట్టు."